తల్లిదండ్రుల విశ్వాసం మన విశ్వాసం అయిందా?



ఈ మధ్య ఒక తండ్రి, కొడుకు పెండ్లికి జ్ఞానస్నాన పత్రం కావాలని ఇక్కడ ఆత్మకూర్‌లో నా దగ్గరకు వచ్చాడు. పాత పుస్తకం తీసి వెదికాను. పేరు దొరికింది. ఒకే ఒక్క వరుస: బిడ్డ పేరు, పుట్టిన తేదీ, జ్ఞానస్నానం పొందిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞానతల్లిదండ్రుల పేర్లు, గురువు సంతకం. ఆ తండ్రి ఆ వరుస వైపు చాలాసేపు చూసి ఇట్లా అన్నాడు:

"ఫాదర్ గారూ, పుస్తకంల మావోని పేరు సక్కగనే ఉన్నది. గుడిల మాత్రం వాడు కనవడక నాలుగేండ్లాయె. చిన్నప్పుడు పూజల గంట కొట్టినోడు. వాని విశ్వాసం ఏడవోయిందంటరు?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. పత్రం రాసి, ముద్ర వేసి ఇచ్చాను. ఆయన వెళ్ళిపోయిన తరువాత కూడా పుస్తకం మూయబుద్ధి కాలేదు. ఆ జవాబును ఈ వారం మీ అందరి ముందు వెదుకుతున్నాను. ఎందుకంటే ఆ ప్రశ్న ఆయన ఒక్కడిదే కాదు, మన విచారణలలో చాలా ఇండ్లలో ఉన్నది.

జ్ఞానస్నాన పుస్తకంలో ప్రతి వరుస పక్కన కొంత స్థలం వదులుతారు. భద్రమైన అభ్యంగనం, వివాహం, గురుపట్టం వంటివి తరువాత అక్కడ గుర్తించాలని శ్రీసభ చట్టం. కాని మనిషి చేసిన ప్రార్థనలు, పడిన సందేహాలు, దేవునిపై అలిగిన రాత్రులు, తిరిగి వచ్చిన ఉదయాలు ఏ గురువూ అక్కడ రాయడు. విశ్వాసం ఆ ఒక్క వరుసతో ముగియదు, మొదలవుతుంది. తరువాతి భాగం దేవుడూ మనమూ కలిసి బ్రతుకంతా రాయవలసినది.

పునీత పౌలు చెరసాల నుండి తిమోతికి రాసిన రెండవ లేఖ మొదటి అధ్యాయం తీసి చూడండి. తిమోతి విశ్వాసం మొదట అతని అమ్మమ్మ లోయిలో, ఆ తరువాత తల్లి యూనీకేలో ఉన్నదని అపోస్తలుడు గుర్తు చేస్తాడు. అంతటితో ఆగడు. నీకు అందిన దేవుని వరాన్ని నిప్పును రగిలించినట్లు రగిలించుకోమని మరుసటి వచనంలోనే హెచ్చరిస్తాడు. విశ్వాసం ఇంటి నుండి వస్తుంది. కాని దానిని రగిలించుకునే పని ఎవరిది వారిదే.

ఈ మాట మన పెద్దవారికి సులువుగా అర్థమవుతుంది. గ్యాసు పొయ్యిలు రాకముందు, రాత్రి వంట అయినాక అమ్మ నిప్పుకణికలను బూడిదలో కప్పి పెట్టేది. పైకి చూస్తే బూడిద తప్ప మరేమీ కనిపించదు. తెల్లవారి ఆ బూడిదను పక్కకు తీసి, పిడక ముక్క పెట్టి, గొట్టంతో ఊదితే మంట లేచేది. నిన్నటి నిప్పే, కాని ఈరోజు వంటకు ఈరోజు ఊదవలసిందే. ఒక్కోసారి మన పొయ్యి పూర్తిగా చల్లారిపోతే, పొరుగింటి నుండి ఒక కణిక అడిగి తెచ్చుకునేవాళ్ళం. ఎవరూ కాదనేవారు కాదు.

ప్రతి వయసులోను ఈ నిప్పు మీద ఏదో ఒక బూడిద పడుతుంది.

పసితనంలో విశ్వాసం తల్లి ఒడిలో ఉంటుంది. సిలువ గుర్తు, పరలోక జపం, మంగళవార్త జపం అర్థం తెలియకముందే నోటికి వస్తాయి. ఇది తక్కువ విషయం కాదు, పునాది. అయితే పునాది వేసినంత మాత్రాన ఇల్లు లేవదు.

యవ్వనంలో ప్రశ్నలు వస్తాయి. దేవుడుంటే కరువు ఎందుకు? మంచివాడు ఎందుకు చచ్చిపోయాడు? గుడికి వచ్చేవాళ్ళే ఎందుకు కొట్లాడుకుంటారు? తల్లిదండ్రులారా, పిల్లవాడు ఇట్లా అడిగినప్పుడు కసురుకోకండి. దేవదూతను అది ఎట్లా జరుగుతుందని మరియతల్లి అడిగింది. చూడనిదే నమ్మనని తోమా పట్టుబట్టాడు. ప్రభువు అతనిని వెళ్ళగొట్టలేదు, తన గాయాలు చూపించాడు. జవాబు దొరకని ప్రశ్నతో పిల్లవాడు గుడిలోనే కూర్చోగలడు. కసిరికొట్టిన ప్రశ్నతో మాత్రం బయటకు వెళ్ళిపోతాడు. గంట కొట్టిన మన పిల్లలలో కొందరు ఇట్లా వెళ్ళినవారే. గురువులమైన మా పొరపాటు కూడా ఇందులో ఉన్నదని ఒప్పుకుంటున్నాను.

నడివయసులో కష్టాలు వస్తాయి. మన పాలమూరు వలసల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఎక్కడెక్కడి ఆనకట్టలకో, కాలువలకో, మేడలకో మనవాళ్ళు మట్టి మోశారు. అట్లా పుణె వైపు పనికి పోయి వచ్చిన ఒక తల్లి నాతో చెప్పింది. అక్కడ గుడి దూరం, పూజ భాష తెలియదు. రేకుల షెడ్డులో రాత్రి కొవ్వొత్తి వెలిగించి పిల్లలతో ఒక్క పదిపూసలు చెప్పించేది. నిద్ర ముంచుకొస్తే మూడు పూసలే. "ఆ మూడు పూసలే మమ్మల్ని మళ్ళ గుడికి తెచ్చినయి ఫాదర్ గారూ" అన్నది. ఆమె వేదశాస్త్రం చదవలేదు. కాని పౌలు మాటకు ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నేను సెమినరీలో వినలేదు.

నష్టాల మధ్యనే విశ్వాసాన్ని కనుగొన్న మరొకరు మన దక్షిణ దేశంలోనే ఉన్నారు. 1712లో కన్యాకుమారి ప్రాంతంలో పుట్టిన నీలకంఠ పిళ్ళై తిరువాన్కూరు రాజు కొలువులో ఉద్యోగి. పశువులు పోయి, ఆస్తి నష్టపోయి కుంగిపోయిన కాలంలో, అదే కొలువులో ఉన్న డి లన్నోయ్ అనే సేనాని ఆయనకు యోబు కథ చెప్పాడు. 1745లో ఆయన దేవసహాయం అనే పేరుతో జ్ఞానస్నానం పొందాడు. 1749లో బంధింపబడి, హింసలు భరించి, 1752 జనవరి 14న వేదసాక్షిగా మరణించాడు. 2022 మే 15న పోపు ఫ్రాన్సిస్ గారు ఆయనను పునీతునిగా ప్రకటించారు. ఆయన గురువు కాదు, మఠవాసి కాదు. మీవలె గృహస్థుడు. నమ్మితే పోయిన పశువులు తిరిగి వస్తాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అన్నీ పోయినా విడవని దేవుడున్నాడని మాత్రం తెలుసుకున్నాడు.

ఇక నా సంగతి. గురువుకు విశ్వాసం ఎన్నడూ తగ్గదని చాలామంది అనుకుంటారు. సెమినరీలో నేను తత్వశాస్త్రం శ్రద్ధగా చదివాను. దేవుడు ఉన్నాడనడానికి పునీత అక్వీనాసు తోమాసు చూపిన ఐదు మార్గాలను నిద్రలో అడిగినా చెప్పగలిగేవాణ్ణి. కాని పక్షవాతంతో ఏడాది మంచాన పడి మా అమ్మ చనిపోయినప్పుడు ఆ ఐదు మార్గాలలో ఒక్కటీ నన్ను ప్రార్థన దాకా తీసుకుపోలేదు. ఆ తర్కం తప్పని కాదు. దుఃఖానికి తర్కం చెవికెక్కదు. రోజూ పూజ చేసేవాణ్ణి, ప్రసంగం చెప్పేవాణ్ణి. రాత్రి గదిలో మోకరిస్తే మాట వచ్చేది కాదు. ఎవరికీ చెప్పుకోలేదు.

ఒకనాడు పూజ అయినాక ఒక ముసలి తల్లి, చదువురాని విధవరాలు, గుడి వాకిట్లో ఆగి అన్నది: "ఫాదర్ గారూ, శాన దినాల సంది మీ మొకంల నగువు లేదు. మీరు జపం చేయలేకపోతే పోనియ్యండి. మీ వంతు నేను చేస్తున్న. రోజూ యాభై మూడు పూసలు మీకే."

ఆ రాత్రి నాకు దర్శనమేదీ కలగలేదు. జపమాల మాత్రం చేతిలోకి తీసుకున్నాను. నా పొయ్యి చల్లారినప్పుడు పొరుగింటి నుండి నిప్పుకణిక వచ్చింది. విశ్వాసం ప్రతి ఒక్కరూ స్వయంగా ఇవ్వవలసిన జవాబే, అయినా ఎవరూ ఒంటరిగా విశ్వసించలేరని 1992 నాటి కతోలిక శ్రీసభ సత్యోపదేశం బోధిస్తున్నది. ఆ మాట నాకు పుస్తకంలో కాదు, గుడి వాకిట్లో అర్థమయింది. కలకత్తా పునీత తెరెసమ్మ కూడా ఎన్నో ఏండ్లు అంతరంగంలో చీకటిని భరించిందని 2007లో వెలువడిన ఆమె లేఖల వలన లోకానికి తెలిసింది. ఆ చీకటిలోనే ఆమె రోగులను చేతులతో ఎత్తుకున్నది. కనుక ప్రార్థన ఎండిపోయిందంటే విశ్వాసం చచ్చిపోయిందని కాదు. బూడిద కింద నిప్పు ఉండవచ్చు.

మరి రోజూ ఊదడం ఎట్లా? మన పక్కనే ఉన్న జూరాలను చూడండి. జలాశయం నిండుగా ఉన్నా, పిల్లకాలువలో పూడిక తీయకపోతే చివరి పొలానికి నీరు అందదు. దైవకృపకు ఎన్నడూ కొరత లేదు. కాలువ బాగుచేసుకోవడమే మన వంతు. అది పెద్ద పనులతో కాదు. ఉదయం లేవగానే సెల్‌ఫోను చూడకముందు సిలువ గుర్తు వేసుకోండి. రాత్రి టీవీ ఆపి పది నిమిషాలు ఇంటిల్లిపాది కలిసి జపించండి. శనివారం రాత్రి మరునాటి సువిశేషాన్ని పిల్లవాడి చేత బిగ్గరగా చదివించండి. పాపసంకీర్తనాన్ని పండుగలకు మాత్రమే దాచిపెట్టకండి. ఇంట్లో తప్పు చేసిన తండ్రి, పిల్లల ముందే భార్యను క్షమాపణ అడగండి. ఆ ఒక్క మాట నా పది ప్రసంగాలకు సమానం. గుడికి రాలేని వృద్ధులు మీ వీధిలో ఉంటే వెళ్ళి కూర్చోండి. క్రియలు లేని విశ్వాసం నిర్జీవమని యాకోబు లేఖ చెప్పనే చెప్పింది.

మళ్ళీ ఆ తండ్రి ప్రశ్నకు వస్తాను. నాయనా, నీ కొడుకు విశ్వాసం ఎక్కడికీ పోలేదనే నా నమ్మకం. దాని మీద బూడిద పడింది. వివాహ సిద్ధపాటుకు అతడు నా దగ్గరకు రావలసి ఉన్నది. వచ్చినప్పుడు నాలుగేండ్ల లెక్క అడగను. మొదట అతని ప్రశ్నలు వింటాను. నువ్వు కూడా ఇంట్లో వాణ్ణి తిట్టకు. వాని వంతు జపం నువ్వు చెయ్యి. మిగతా మీరందరూ ఈ వారం మీ ఇంట్లోనో పక్కింట్లోనో పొయ్యి చల్లారిన ఒక్కరిని తలచుకొని, వారి వంతు ఒక పదిపూసలు జపించండి.

మన అవ్వలకు, అమ్మలకు విశ్వాసాన్ని ప్రసాదించిన ప్రభువు దానిని మన హృదయాలలో ఆరిపోనీయక రగిలించి, మన బిడ్డలకు అందించే భాగ్యాన్ని మనకు దయచేయును గాక! ఆమెన్.