వాగు ఊళ్లో లేనప్పుడు

పెళ్ళయి అత్తారింటికి వెళ్ళిన ఆడపిల్ల గదిని పుట్టింటివాళ్ళు ఏం చేస్తారు? మొదటి ఏడాది అలాగే ఉంచుతారు. రెండో ఏడు ఓ మూలకు బియ్యం బస్తా చేరుతుంది. మూడో ఏటికి విరిగిన కుర్చీలూ, పాత పరుపులూ వచ్చి పడతాయి. బతుకమ్మ పండక్కి ఆ పిల్ల పిల్లల్ని వెంటేసుకుని దిగేసరికి కాలు పెట్టే చోటుండదు. "ఉండేది నాలుగు రోజులేగా, సర్దుకోవే" అంటారు. పాపం, సర్దుకుంటుంది. ఆడపిల్ల కదా!

కానీ అలా సర్దుకోలేనిది ఒకటుంది. అది వాగు.

మా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో చాలా వాగులు ఏడాది పొడుగునా పారవు. వానలతో వస్తాయి, చలికాలం వెళ్ళేసరికి సన్నబడతాయి, ఎండలు ముదిరాక ఇసుకే మిగులుతుంది. అప్పుడు మన మాట తీరు చూడండి. "ఎండిపోయిన వాగు" అంటాం. ఇంకొన్నాళ్ళకి "ఖాళీ జాగా" అంటాం. ఖాళీ జాగా అన్నాక ఇక అడిగేవాళ్ళెవరు? నన్ను తొలిచే ప్రశ్న ఇదే: ఎదురుగా లేనివాళ్ళకి హక్కు ఉంటుందా, ఉండదా?

అసలు వాగు నిజంగా వెళ్ళిపోతుందా? చెలిమ తవ్వి నీళ్ళు తెచ్చుకున్న ఆడవాళ్ళనడగండి, చెబుతారు. మూరెడు లోతు ఇసుక తీస్తే అడుగున నీరు ఊరుతుంది. పైన ఆగిన వాగు ఇసుక కింద మెల్లగా నడుస్తూనే ఉంటుంది. రేణువుల సందుల్లో నిలిచి, వడకట్టుకుని, ఒడ్డునున్న బావులకు చేరుతుంది. ఆ తడి ఇసుకలోనే నీటిపురుగులూ, కంటికానని జీవులూ ఎండాకాలమంతా తలదాచుకుంటాయి. కుళ్ళిన ఆకూ అలమూ తిని నీటిని శుభ్రం చేసేది అవే. వాగు మళ్ళీ పారగానే పైకొచ్చి చేపపిల్లలకు తిండయ్యేదీ అవే. మడుగు బురదలో కొర్రమట్ట గాలి పీలుస్తూ వానకోసం ఎదురుచూస్తుంది. తెలంగాణ రాష్ట్ర చేప అదే కదా, ఆ ఓపిక చూస్తే ఆ పేరు తగిందే అనిపిస్తుంది. ఒడ్డున ఏరుమద్ది చెట్టు వేళ్ళతో మట్టిని పట్టుకుని నిలబడి ఉంటుంది. ఇంతమంది కాపురముంటున్న ఇంటిని మనం ఖాళీ అంటున్నాం!

ఆ ఇంట్లోకి ట్రాక్టర్ దిగుతుంది. ఇసుక పోయేకొద్దీ వాగు అడుగు లోతుకు దిగుతుంది. నీరు దాచుకునే చోటు పోతుంది, ఒడ్డు బావుల్లో మట్టం పడిపోతుంది. అందుకే 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, అదే అందరూ వాల్టా అనేది, భూగర్భజలానికి చేటయ్యే చోట ఇసుక తవ్వకాన్ని ఆపే అధికారమిచ్చింది. చట్టం పగలు చూస్తుంది. ట్రాక్టర్ రాత్రి నడుస్తుంది.

"అయితే ఇళ్ళు కట్టుకోవద్దా?" అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మీ గోడల్లోనూ, నా గోడల్లోనూ ఉన్నది ఏదో ఒక వాగు ఇసుకే. ట్రాక్టర్ మీద కూలికెళ్ళేవాడికీ ఆ రోజు పొయ్యి వెలగాలి. వాగు ఒడ్డున గుడిసె వేసుకున్నవాళ్ళకి మరోచోట జాగా ఎవరిచ్చారు గనక? వాళ్ళని తిట్టి మనం పెద్దమనుషులమవడం నాకిష్టం లేదు.

కానీ లేదనుకున్నది తిరిగి వస్తుంది. 2023 జులై 27న భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచేసింది. జనం ఇళ్ళ కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. కొందరు కొట్టుకుపోయారు. అంతకుముందు 24 గంటల్లో పొరుగున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. మరుసటి ఏడు సెప్టెంబరు 1న ఆకేరు వంతు. జనగామ వైపు పుట్టి, మహబూబాబాద్ జిల్లా మీదుగా వెళ్ళి ఖమ్మం దగ్గర మున్నేరులో కలిసే వాగది. మరిపెడ మండలంలో సీతారాం తండాను చుట్టుముట్టింది. అదే రోజు వరదకు కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి.

అంత వానకు ఇసుక తవ్వకమే కారణమంటే అబద్ధమవుతుంది. వాన వానే. అయితే వచ్చిన నీరు ఒదగడానికి చోటు కావాలి. ఆ చోటే వాగు గట్టూ, వరద మైదానమూ. పదేళ్ళకోసారి వచ్చినా అది దాని గదే. నాలుగు నెలల చుట్టమనుకున్నాం గానీ, ఆ ఇంటికి అసలు యజమానురాలు అదే.

మరి మనమేం చెయ్యాలి? తీసుకోవడమే తప్పని నేననను. చెలిమ దగ్గర నేర్చుకోవాల్సిన లెక్క ఒకటుంది. మొదట ఊరిన బురదనీళ్ళు తోడి పారబోస్తారు. తేట నీరు ఊరేదాకా కూర్చుంటారు. ఊరినంతే ముంచుకుంటారు, వెనక వచ్చినామెకు చోటిస్తారు. తొందరపడి లోతుగా తవ్వితే ఇసుక గోడ కూలి, ఉన్న చెలిమ పూడిపోతుంది. అక్కడ అత్యాశకు శిక్ష వెంటనే పడుతుంది, అందుకే అందరికీ బుద్ధి ఉంటుంది. వాగుకు చేసిన అన్యాయానికి శిక్ష పదేళ్ళ తర్వాత, అదీ వేరెవరికో పడుతుంది. అందుకే మనకు నిద్ర పడుతోంది.

బంగారం కొనేటప్పుడు హాల్‌మార్కు ఉందా అని పదిసార్లు తిప్పి చూస్తాం. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీని ఒక్కసారి, "ఈ ఇసుక ఏ వాగుది? రశీదు ఉందా? రాతి ఇసుకతో పనవుతుందా?" అని అడిగితే ఏం పోతుంది? ఊళ్లో లేనివాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళు ఇంటికొకరైనా ఉండాలి. ఆ ఒక్కరూ ఆడవాళ్ళే ఎందుక్కాకూడదు? గది పోవడమంటే ఏమిటో మనకు తెలిసినంతగా మరెవరికి తెలుసు?