పదార్థం మారితే తీర్పు మారుతుందా?

చిల్లకూరు వైపు సిలికా ఇసుక లారీ తోలే ఒక సోదరుడు జుమా నమాజు తర్వాత మమ్మల్ని ఆపి ఇలా అడిగారు: "హజ్రత్! సారాయి సిర్కాగా మారితే హలాల్ అంటారు గదా. మరి పర్మిట్ లేకుండా తవ్విన ఇసుక ఫ్యాక్టరీలో గాజయిపోతే, ఆ తప్పు కూడా పోయినట్టేనా?"

ఆయన నవ్వుతూనే అడిగారు. కాని అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు.

ముందు మార్పు అంటే ఏమిటో చూద్దాం. మన జిల్లాలోని ఇస్కపల్లి ఉప్పు మళ్ళలో సముద్రపు నీరు ఎండి ఉప్పు తేలుతుంది. అక్కడ కొత్త పదార్థం ఏదీ పుట్టలేదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు మొదటి నుంచీ ఉన్నాయి. ఎండ నీటిని మాత్రమే తీసుకుపోయింది. మన పిల్లల పాఠ్యపుస్తకాలు దీన్ని భౌతిక మార్పు అంటాయి. సిర్కా సంగతి వేరు. మద్యంలోని ఆల్కహాలు సూక్ష్మజీవుల వల్ల గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది. మత్తు పోతుంది, గుణం మారుతుంది, పేరూ మారుతుంది. ఇది రసాయనిక మార్పు.

ధర్మశాస్త్రవేత్తలు ఇలాంటి మార్పును 'ఇస్తిహాలా' అన్నారు. మద్యం దానంతటదే సిర్కా అయితే ధర్మసమ్మతమనడంలో భేదాభిప్రాయం లేదు. మనిషి అందులో ఏదైనా వేసి మార్చితే హనఫీ పండితులు ఒప్పుకుంటారు, షాఫిఈ పండితులు ఒప్పుకోరు. ఉప్పు గనిలో పడిన గాడిద ఉప్పుగా మారిపోతే ఆ ఉప్పు పాక్ అని ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) అభిప్రాయం. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) అంగీకరించలేదు. నిజానికి మాంసంలోని కార్బన్, నైట్రోజన్ ఎన్నటికీ సోడియం, క్లోరిన్ కాలేవు. రసాయనిక మార్పులో మూలకాలు మారవు, వాటి కూర్పు మాత్రమే మారుతుంది. అయితే ఆ మహనీయులు చెప్పదలచింది గాడిద గురించి కాదు, సూత్రం గురించి. మందు గొట్టాల్లోని జెలటిన్ విషయంలో నేటి పండితుల చర్చ కూడా ఇక్కడే ఆగి ఉంది: అది పూర్తిగా మారిందా, రూపు మాత్రమే మార్చుకుందా?

ఇక ఇసుక. చిల్లకూరు, కోట మండలాల తెల్లటి ఇసుకలో అత్యధిక భాగం సిలికా. ఒక్కటే అయితే సుమారు 1,700 డిగ్రీల సెల్సియస్ వేడికి గాని కరగదు. సోడా బూడిద, సున్నపురాయి కలిపితే అంతకంటే తక్కువ వేడికే కరుగుతుంది. కార్బన్ డయాక్సైడు వాయువు బయటికి పోయి గాజు తయారవుతుంది. మార్పు పూర్తయింది. మరి తప్పు?

అపవిత్రత వస్తువును అంటిపెట్టుకుని ఉంటుంది కనుక వస్తువు మారితే అదీ పోతుంది. కాని హక్కు వస్తువులో లేదు, మనుషుల మధ్య ఉంది. దాన్ని ఏ కొలిమీ కరిగించలేదు. ఒకడు ఇతరుల గోధుమలు లాక్కుని పిండి పట్టిస్తే హనఫీ ఫిఖ్హ్ ఏమంటుందో చూడండి: పేరు, ప్రయోజనం మారాయి కనుక పిండి అతని సొత్తే అవుతుంది. కాని అసలు యజమానికి పరిహారం చెల్లించేదాకా దాన్ని అనుభవించడం ధర్మసమ్మతం కాదు. వస్తువు మారింది, బాకీ మారలేదు.

గోధుమలకైతే ఒక యజమాని ఉన్నాడు. ఇసుక మేటలు వాన నీటిని పట్టి ఉంచి ఊరి బావులకిస్తాయి. వాటిని తవ్వేస్తే తీరంలో ఉప్పునీరు లోపలికి రావడం సులువవుతుంది. ఆ పరిహారం ఎవరికి, ఎంత చెల్లించాలి? మా దగ్గర లెక్క లేదు.

"మరి నా కూలి, హజ్రత్?" అన్నారాయన. తెలియక తోలిన దానికి మిమ్మల్ని పట్టరు, తెలిసీ తోలితే పాపంలో సహకరించినట్టేనని, అది దివ్య ఖుర్ఆన్ 'మాయిదా' సూరా 2వ ఆయతులో వారించిన పని అని చెప్పాము. మరుసటి వారం కలిసినప్పుడు, లోడుకు ముందు పర్మిట్ కాగితం చూపించమని ఓనరును అడిగానని చెప్పారు. ఇంకా చూపించలేదట. లారీ ఇంటి ముందే ఉంది.