చేసిన చేతిదే నేరం





సిక్లీగర్ అంటే ఆయుధానికి మెరుగు పెట్టేవాడు. గురువుల సేనకు కత్తులు, బల్లేలు, డాళ్ళు చేసి ఇచ్చిన వంశం మనది. ఇవాళ అదే కొలిమిలో కొడవళ్ళు, కత్తిపీటలు, గొడ్డళ్ళు చేసుకుని బతుకుతున్నాం. అమృతం తీసుకున్నవారు కృపాణ్ ధరిస్తున్నారు. అందువల్ల మన పిల్లలకు ఒక సందేహం రావడం సహజం. "టీవీలో ఆయుధం పట్టినవాణ్ణి టెర్రరిస్టు అంటున్నారు. మన గురువులూ ఆయుధం పట్టారు కదా, మరి తేడా ఏమిటి?" అని అడుగుతారు. ఆ పిల్లలకు మనమే జవాబు చెప్పాలి. లేకపోతే ఫోన్‌లో ఎవడో ఒకడు తన జవాబు చెబుతాడు.

తేడా ఆయుధంలో లేదు. ఎవరిని, ఎందుకు కొడుతున్నారు అన్నదానిలో ఉంది. గురువుల దృష్టిలో ఆయుధం చివరి మార్గం. అది దౌర్జన్యం చేసేవాడి మీదికే లేవాలి, నిస్సహాయుణ్ణి కాపాడటానికే లేవాలి. ఉగ్రవాది లెక్క వేరు. ఎదుట ఉన్న మనిషి ఏం చేశాడన్నది అతనికి అక్కర్లేదు, ఎవరివాడన్నదే కావాలి. 2020 మార్చి 25న కాబూల్ గురుద్వారాలో ఉదయం ప్రార్థనలో ఉన్న సంగత్ మీద తుపాకులతో పడి 25 మందిని చంపారు. ఇస్లామిక్ స్టేట్ ముఠా అది తన పనేనని ప్రకటించుకుంది. చనిపోయినవారు ఎవరికి ఏం అపకారం చేశారు? వారు సిక్కులు కావడమే ఆ ముఠాకు సరిపోయింది.

ఇలాంటి ముఠాలు ఆకాశం నుంచి ఊడిపడవు. 1979లో సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్‌లోకి దిగాయి. వాటిని ఓడించాలని అమెరికా, సౌదీ అరేబియా పాకిస్తాన్ ద్వారా డబ్బు, ఆయుధాలు గుమ్మరించాయి. అవి రేపు ఎవరి చేతికి చేరతాయో అప్పుడు ఎవరూ గట్టిగా అడగలేదు. ఆ యుద్ధం కోసం నలుమూలల నుంచి వచ్చి చేరినవారి మధ్యనే 1988లో అల్ ఖైదా పుట్టింది. 1996లో కాబూల్‌ను పట్టుకున్న తాలిబాన్ దానికి నీడ ఇచ్చింది. 2001 సెప్టెంబర్ 11న అమెరికాలో దాదాపు 3 వేల మంది ప్రాణాలు పోయాయి. మనసులో ఉన్న కోపం, దాన్ని ఒక జాతి మీదికో మతం మీదికో తిప్పే నాయకుడు, వెనుక నుంచి డబ్బు, ఆయుధం అందించే చెయ్యి. ఈ మూడూ కలిసిన చోట ముఠా తయారవుతుంది.

ఇది ఏదో ఒక మతానికి అంటిన జబ్బు అనుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. మన పంథ్ పేరు చెప్పుకుని కూడా ఈ పాపం జరిగింది. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా కనిష్క విమానాన్ని బాంబుతో పేల్చి 329 మందిని బలి తీసుకున్నారు. వారిలో పసిపిల్లలూ ఉన్నారు. 1987 జూలైలో పంజాబ్‌లోని లాల్రూ దగ్గర బస్సు ఆపి, హిందూ ప్రయాణికులను 30 మందికి పైగా కాల్చి చంపారు. ఆ చేతులు గురువు పేరు చెప్పినంత మాత్రాన అది గురువు మార్గం అయిపోదు.

అయితే దీనికి సమాధానం ఏమిటి? ప్రభుత్వం చేతులు కట్టుకు కూర్చోవాలని ఎవరూ అనరు. నేరం చేసినవాణ్ణి పట్టుకోవాలి, సాక్ష్యం చూపాలి, కోర్టులో శిక్ష వేయించాలి. ప్రజల ప్రాణం కాపాడటం పాలకుడి ధర్మం. కానీ సమాధానం పేరుతో ఉగ్రవాది లెక్కనే మనమూ వేయడం మొదలుపెడితే అక్కడే దారి తప్పుతుంది. 1984లో ఇందిరా గాంధీని ఇద్దరు అంగరక్షకులు కాల్చి చంపారు. దానికి ఢిల్లీ వీధుల్లో, రైళ్ళలో వేల మంది సిక్కులు ప్రాణాలతో బదులు చెప్పవలసి వచ్చింది. లాల్రూలో బస్సులో మనుషులను వేరు చేసిన పద్ధతీ, ఢిల్లీలో తలపాగా చూసి రైలు నుంచి లాగిన పద్ధతీ ఒకటే.

మన హైదరాబాద్ సంగతీ చూడండి. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత ఎందరో ముస్లిం యువకులను పట్టుకెళ్ళారు. తర్వాత కోర్టులు వారిని నిర్దోషులని వదిలేశాయి. ఆ పేలుడు కేసులో విచారణ ఎదుర్కొన్న మరో ఐదుగురిని కూడా 2018లో కోర్టు విడుదల చేసింది. ఆ యువకుల జైలు రోజులు తిరిగి రాలేదు, చనిపోయినవారి ఇళ్ళకు న్యాయమూ అందలేదు. దొంగను వదిలి పొరుగువాణ్ణి పట్టుకుంటే లాభపడేది దొంగే.

ఈ నొప్పి సంచార వృత్తి కులాలకు కొత్తది కాదు. 1871లో తెల్లవారు తెచ్చిన చట్టం అనేక సంచార కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టింది. ఊరి బయట డేరా వేసుకున్నవాణ్ణి చూడగానే 'దొంగ' అన్న మాట అలాగే పాతుకుపోయింది. కొలిమి మంట చూసి 'ఏం ఆయుధాలు చేస్తున్నారు?' అని నిలదీస్తే ఎంత మండుతుందో మనకు తెలుసు.

ఇక్కడ మనం మనల్నే ఒక మాట అడగాలి. 2001 సెప్టెంబర్ 15న అమెరికాలోని మెసా పట్టణంలో, తన పెట్రోల్ బంకు ముందు ఉన్న బల్బీర్ సింగ్ సోధీని ఒకడు కాల్చి చంపాడు. తలపాగా, గడ్డం చూసి పగవాడనుకున్నాడు. అప్పటి నుంచి మనలో చాలామంది "మేం ముస్లింలం కాం, సిక్కులం" అని చెప్పుకుంటూ వస్తున్నారు. అది నిజమే. కానీ ఆ జవాబు అంతటితో ఆగితే దాని అర్థం ఏమవుతుంది? సోధీ గారి స్థానంలో ఒక ముస్లిం ఉంటే ఆ తూటా న్యాయమైపోయేదా? "మమ్మల్ని కాదు, వాళ్ళను చూడండి" అనడం సిక్కు జవాబు కాదు. "ఏ పాపం చేయని మనిషిని ముట్టుకోవద్దు" అన్నదే సిక్కు జవాబు. గురు తేగ్ బహదూర్ జీ 1675లో ఢిల్లీలో తల ఇచ్చింది తన వారి కోసం కాదు కదా!

గురువు చిన్న కుమారులిద్దరినీ సర్‌హింద్‌లో చంపబోతుంటే, మలేర్‌కోట్లా నవాబు షేర్ మొహమ్మద్ ఖాన్ అది తప్పని ఎదురు చెప్పాడు. అతను గురువు మీద యుద్ధానికి వచ్చినవాడే. అయినా పసివాళ్ళ మీద కక్ష ఏమిటన్నాడు. ఆ ఒక్క మాటను సిక్కులు మరవలేదు. 1947లో పంజాబ్ అంతా రక్తం పారుతున్నా మలేర్‌కోట్లా ముస్లింల జోలికి పోలేదు. ఆనంద్‌పూర్ యుద్ధంలో గాయపడిన శత్రువులకూ నీళ్ళు తాగించిన భాయీ కన్హయ్యా జీని గురువు గారు మందలించలేదు, గాయాలకు రాయమని మందు కూడా ఇచ్చారు. యుద్ధం మధ్యలో కూడా మనిషిని మనిషిగా చూడటం అంటే అదే.

అలాగని మన వాళ్ళు తప్పు చేస్తే మౌనంగా ఉండమని కాదు. పరాయివాడి నేరం మన నెత్తిన వేస్తే ఒప్పుకోం, కానీ మన ఇంటివాడి తప్పును మనమే ముందు తప్పనాలి. కొలిమి దగ్గర కూర్చున్నవాడికి ఈ బాధ్యత ఇంకా పెద్దది. కొడవలి చేస్తే పంట కోస్తారు. డబ్బు ఎక్కువిస్తానని చాటుగా నాటు తుపాకీ చేయమనేవాడికి పేరు ఉండదు, అది ఎవరి గుండెకు గురిపెడతాడో చెప్పడు. మన పెద్దలు ఆయుధం చేసింది గురువు చేతికి. చెయ్యి తెలియకుండా ఆయుధం ఇవ్వడం సిక్లీగర్ వృత్తి కాదు, ఆ వృత్తికి తలవంపు. పట్టుబడితే కేసు ఒకడి మీదే పడినా మచ్చ వాడవాడంతా పడుతుంది.

ఇంట్లో మనం చేయగలిగేవి చిన్నవే. "ఆ మతం వాళ్ళంతా ఇంతే" అనే వీడియో వస్తే ముందుకు పంపకండి. పిల్లవాడు ఆ మాట అంటే, "ఎవరు చేశారు? పేరు చెప్పు" అని అడగండి. పేరు చెప్పలేకపోతే అది నేరారోపణ కాదు, ద్వేషమని చెప్పండి. పగ నేర్పే గుంపులో కొడుకు తిరుగుతుంటే పోలీసులు వచ్చేదాకా ఆగకుండా మీరే పిలిచి కూర్చోబెట్టండి.

రోజూ అర్దాస్ చివర మనం సర్బత్ దా భలా కోరుతాం. సర్బత్ అంటే అందరూ. ఆ మాటలో నుంచి ఎవరినీ తీసివేసే హక్కు బాంబు పెట్టేవాడికీ లేదు, వాడి మీద కోపంతో ఉన్న మనకూ లేదు.