ముఖానికి కొలత

మనిషి తానెవరో చెప్పుకొంటే చాలదా? అతడి మాటకు ముఖం కూడా సాక్ష్యం పలకవలసిందేనా? పాస్‌పోర్టుకో, వీసాకో, నివాస అనుమతికో దరఖాస్తు చేసే ప్రతి వ్యక్తీ తెల్లని తెర ముందు కూర్చుని, నవ్వు మాని, పెదవులు మూసి, కళ్ళు తెరిచి నేరుగా చూస్తాడు. రాజ్యం అడిగిన సాక్ష్యం అదే.

ఈ ఆచారం ప్రాచీనమైనదేమీ కాదు. పూర్వం ప్రయాణపత్రాలలో నుదురు, ముక్కు, గడ్డం, మేనిచాయలను మాటలలోనే వర్ణించేవారు. 1914లో ప్రారంభమైన ప్రపంచ యుద్ధం గూఢచారుల భయాన్ని తెచ్చింది. ఆ భయమే ఛాయాచిత్రాన్ని తప్పనిసరి చేసింది. 1918లో యుద్ధం ముగిసినా నిబంధన నిలిచిపోయింది. 1920లో నానాజాతి సమితి ఆధ్వర్యంలో పారిస్‌లో జరిగిన సమావేశం పాస్‌పోర్టుకు ఉమ్మడి నమూనాను సూచించింది. భారతదేశంలో పాస్‌పోర్టు చట్టం వచ్చిందీ ఆ ఏడాదే.

అనుమానంలో పుట్టింది కనుక నిబంధన అన్యాయమైనదని తేల్చడం తొందరపాటు. పరుల పేరుతో ప్రయాణించేవాడిని అడ్డుకుంటే, ఆ పేరుగల అసలు మనిషికే రక్షణ. పైగా అనేక దేశాలు కోరే 35 మి.మీ. వెడల్పు, 45 మి.మీ. ఎత్తు గల చట్రంలో మంత్రికీ కూలీకీ దక్కే చోటు సమానం.

అయితే ముఖం చూపమనడం వేరు, మనిషిని లొంగదీయడం వేరు. 1960లో అల్జీరియాలో ఫ్రెంచి సైన్యం గుర్తింపు కార్డుల కోసం గ్రామీణ స్త్రీల మేలిముసుగులు తీయించింది. సైనికుడైన మార్క్ గారంజె తీసిన ఆ చిత్రాలలోని చూపులు నేటికీ నిలదీస్తూనే ఉన్నాయి. గుర్తింపు అవసరం నెరవేరింది కాని గౌరవం మిగలలేదు. మతాచారం ప్రకారం తల కప్పుకొనేవారిని, ముఖం పూర్తిగా కనిపించే పక్షంలో, నేటి అమెరికా నిబంధనలు అనుమతిస్తున్నాయి. రెండు అవసరాలకూ పొత్తు కుదరడం అసాధ్యం కాదని దీనివల్ల తెలుస్తుంది.

కొలత సమానమైనంత మాత్రాన న్యాయం సమానం కాదు. 2016లో న్యూజీలాండ్‌లో ఆసియా సంతతికి చెందిన ఒక యువకుడి పాస్‌పోర్టు చిత్రాన్ని, కళ్ళు మూసి ఉన్నాయంటూ కంప్యూటర్ తిరస్కరించింది. అతడి కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎవరి ముఖాలను చూసి యంత్రం చూపు నేర్చుకొన్నదో, వారికే అది అనుకూలం. బ్రిటన్ నిబంధనలలో ఏడాది నిండని బిడ్డ కళ్ళు తెరిచి ఉండనక్కరలేదు. ఆరేళ్ళలోపు పిల్లలు కెమెరాకేసి నేరుగా చూడనక్కరలేదు. ఈ సడలింపును దాక్షిణ్యమనరాదు. నిబంధన తన పరిమితిని తానే ఎరిగి ఉండడం న్యాయంలో భాగం.

చిత్రం తిరస్కృతమైతే నష్టం కాగితంతో ఆగదు. కరీంనగర్ ప్రాంతపు కార్మికుడికి గల్ఫ్‌లో దొరికిన పని చేజారవచ్చు. అమెరికాలో కూతురి కాన్పుకు తల్లి వేళకు చేరలేకపోవచ్చు. కనుక కాదన్న అధికారి కారణం చెప్పాలి, సరిదిద్దుకొనే అవకాశమివ్వాలి, యంత్రం కాదన్నచోట తన కళ్ళతో మరొకసారి చూడాలి. పౌరుడు కదలక మెదలక తన ముఖాన్ని అప్పగించాడు. దాన్ని శ్రద్ధగా చూడడం రాజ్యం తీర్చుకోవలసిన బాకీ.