మెడనొప్పికీ ప్రమాణమేనా?

కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధమాడాలంటే మా చిత్తూరు జిల్లాలో ఎంతటివాడైనా జంకుతాడు. అప్పు తగాదా అయినా, దొంగతనమైనా "పద కాణిపాకం, ప్రమాణం చెయ్యి" అనేసరికి చాలామందికి నిజం గుర్తొస్తుంది. ఆ గుడికి వెళ్ళినప్పుడల్లా నాకో సందేహం. మెడనొప్పి ఉన్న ఇల్లాలు కూడా ఇక్కడికొచ్చి ప్రమాణం చేస్తేనేగానీ ఇంట్లోవాళ్ళు నమ్మరా అని!

ఎముక విరిగినవాళ్ళ సంగతి వేరు. ఆకుపసరు పట్టించి, వెదురుబద్దలు పెట్టి, పుత్తూరు కట్టు కట్టించుకొస్తే ఆ చేతికి జరిగే మర్యాద ఇంతా అంతా కాదు. కంటికి కనిపించే కష్టానికి నదులే కరుగుతాయి. లిఖితుడికి తెగిన చేతులు తిరిగొచ్చింది ఈ గుడి పక్కనున్న బాహుదానదిలో మునిగాకేనని కదా స్థలపురాణం. మెడనొప్పికి కట్టూ లేదు, వాపూ లేదు. ఎక్స్‌రేలో ఏమీ లేదంటే చాలు, నొప్పే లేదన్నట్టు ఇల్లంతా కులాసాగా ఊపిరి పీల్చుకుంటుంది. నిజానికి ఈ విషయంలో ఎక్స్‌రే అంత గట్టి సాక్షి కాదు. పూసలు అరిగినా హాయిగా తిరిగేవాళ్ళున్నారు. ఫోటో శుభ్రంగా ఉన్నా నెలల తరబడి బాధపడేవాళ్ళూ ఉన్నారు.

అందుకేనేమో, ఫిజియోథెరపీ అమ్మాయి మెడ వెనక ఒకచోట వేలితో నొక్కి, "ఇక్కడేకదండీ?" అంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నొప్పికి కాదు సుమండీ.

తగ్గిందా అంటారా? తగ్గింది, మళ్ళీ వచ్చింది. చేతివైద్యం బిగిసిన కండరాల్ని కొన్నాళ్ళు సడలిస్తుందనీ, ఆ వెసులుబాటులో రోజూ వ్యాయామం చేసుకుంటేనే ఫలితం నిలుస్తుందనీ ఆ అమ్మాయి మొదటిరోజే చెప్పింది. నాకా నిజాయితీ నచ్చింది. "పూస జారింది, ఒక్క విరుపుతో సరిచేస్తా" అనేవాళ్ళనే కాణిపాకం తీసుకెళ్ళాలి! మెదడుకి నెత్తురు మోసే నాళాలు మెడలోంచే పోతాయి. హఠాత్తుగా మెలిపెడితే, అరుదుగానే అయినా, వాటి లోపలి పొర చిరిగి పక్షవాతం రావచ్చు. చేతులు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా ముందు డాక్టరుకే చూపించాలి.

రుజువు లేకుండా నమ్మితే మోసపోతామని మావారి వాదన. డబ్బు విషయంలో నేనూ ఒప్పుకుంటాను. కానీ లేని నొప్పిని ఉందని నమ్మితే మనకు పోయేది ఓ పూట వంట. ఉన్న నొప్పిని లేదంటే ఆ మనిషి మోసేవి రెండు నొప్పులు. ఈ లెక్క మావారికి ఇంకా తెగలేదు.

మా అత్తగారైతే "మా రోజుల్లో మెడనొప్పన్న మాటే ఎరగం" అంటారు, మెడని అరచేత్తో ఆనించి పట్టుకుని మరీ. వచ్చే సోమవారం ఆవిణ్ణి కూడా వెంటబెట్టుకెళ్తున్నాను.