మూర్ఛ, ఉన్మాదం, కర్తృత్వం

చరకసంహిత నిదానస్థానంలో ఉన్మాదం ఏడో అధ్యాయమైతే అపస్మారం ఎనిమిదోది. చికిత్సాస్థానంలోనూ ఇవి తొమ్మిది, పది అధ్యాయాలుగా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అపస్మారమంటే తెలివి తప్పి, కాళ్లూ చేతులూ కొట్టుకుని, నోట నురగ వచ్చే మూర్ఛవ్యాధి, జనవ్యవహారంలో ఫిట్స్. ఉన్మాదమంటే మనసు, బుద్ధి, నడవడి గాడి తప్పడం. కొంతకాలం పట్టరాని ఉత్సాహం, మరికొంతకాలం మంచం దిగలేనంత విషాదం వచ్చిపోయే బైపోలార్ డిజార్డర్‌లోని ఉద్రేకదశ ఈ లక్షణాలకు చాలా దగ్గరగా ఉంటుంది.

ఈ పొరుగుతనం నేటి వైద్యంలోనూ కనిపిస్తుంది. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, కార్బమజెపిన్, లామోట్రిజిన్ మాత్రలనే బైపోలార్‌కూ వాడుతున్నారు. అయితే బైపోలార్‌కు ముఖ్యౌషధమైన లిథియం మూర్ఛకు మందు కాదు కనుక రెండూ ఒకటే రోగమనడం తొందరపాటు. రెండింటినీ రేపగలిగే కారణం మాత్రం ఒకటుంది, అది నిద్రలేమి. అమెరికా పనివేళలకు తగ్గట్టు రాత్రుళ్లు మేలుకునే ఉద్యోగులు కాపురముంటున్న హైదరాబాద్‌లోని నల్లగండ్ల వంటి చోట ఇది పుస్తకాలకు పరిమితమైన విషయం కాదు.

అపార్ట్‌మెంట్ లిఫ్టు ముందు ఒకరు ఫిట్స్‌తో పడిపోతే చుట్టూ చేరినవారు చేతిలో తాళాలగుత్తి పెడతారు. అది మూర్ఛను ఆపదు, పక్కకు తిప్పి పడుకోబెట్టడమే మేలు, అయినా ఆ మనిషిని ఎవరూ తప్పుపట్టరు. అదే మనిషి ఉద్రేకదశలో రోజుకు రెండు గంటలే నిద్రపోయి, అప్పుచేసి స్థలం కొని, తెల్లవారుజామున రాజీనామా పంపితే ఒళ్లు కొవ్వెక్కి చేశాడంటారు. చట్టంలోనూ ఈ తేడా ఉంది. 1976 సవరణతో హిందూ వివాహ చట్టం పదేపదే వచ్చే మతిభ్రమణాన్నీ మూర్ఛనూ పెళ్లికి అనర్హతలుగా ఒకే వాక్యంలో చేర్చింది. 1999లో మూర్ఛను తీసేశారు, మతిభ్రమణం మాత్రం ఉండిపోయింది. పెళ్లి చెడిపోతుందన్న భయంతోనే పెళ్లినాటికి మాత్రలు దాచేవారు, మానేసేవారు ఉన్నారు. మానేసినప్పుడు రోగం తిరగబెడుతుంది.

ఈ తేడాకు మూలం కర్తృత్వం గురించిన భావనలో ఉంది. అద్వైత వేదాంతం కర్తృత్వాన్ని అంతఃకరణానికి, అంటే మనసు, బుద్ధి, అహంకారం కలిసిన లోపలి సాధనానికి ఆపాదించి ఆత్మను సాక్షిగా నిలుపుతుంది. ఒళ్లంతా కొట్టుకునే మూర్ఛలో అంతఃకరణం పనిచేయదు కాబట్టి నింద పుట్టదు. ఉద్రేకంలోనైతే అంతఃకరణమే రోగగ్రస్తమై, నేనే చేస్తున్నానన్న భావన మామూలు కంటే బలంగా ఉంటుంది. చరకుడు దేవతలనూ పిశాచాలనూ నిందించవద్దని, తన ప్రజ్ఞాపరాధాన్నే, అంటే బుద్ధి చేసిన తప్పునే, కారణంగా చూడమని చెప్పాడు. ఆ మాట రోగిని భూతవైద్యుడి నుంచి విడిపించింది కానీ నేరం రోగి నెత్తినే పెట్టింది. ఏ బుద్ధి తప్పు చేసిందో ఆ బుద్ధికే జబ్బు చేసినప్పుడు ఆ తీర్పు నిలవదు.

అలాగని బైపోలార్ ఉన్నవారికి కర్తృత్వమే లేదనడం వారిని మరోవిధంగా అవమానించడమే. దశకూ దశకూ మధ్య వారి బుద్ధి చాలావరకు నిర్మలంగానే ఉంటుంది, బాధ్యతకు చోటు అక్కడుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ వ్యవధిని గుర్తించి, మున్ముందు జబ్బు ముదిరితే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో ముందే రాసిపెట్టుకునే హక్కు ఇచ్చింది. ఆ పత్రం ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే, ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టుకుని రాయాలి.