నెలలు నిండని బిడ్డలును మన కొలమానములును

ఆదిపర్వమునందలి వినత కథ పాఠకు లెల్లరు నెఱిగినదే. కద్రువ గ్రుడ్లు పగిలి బిడ్డలు వెలువడిరి. వినత గ్రుడ్లు రెండును కదలకున్నవి. సవతి సంతానమును జూచి సిగ్గుపడి యామె యొక గ్రుడ్డును తన చేతనే చిదిపెను. నడుమునకు క్రింద రూపము లేని అనూరుడు పుట్టి తల్లిని శపించెను. నెలలు తక్కువగా బిడ్డను గన్న కోడలి యెదుట ఈ కథను ఎత్తిచూపు పెద్దలు నేటికిని గలరు. అది యన్యాయము. వినత గ్రుడ్డును దానే పగులగొట్టినది. ఈ తల్లి యట్టి దేమియు జేయలేదు. అయినను ఈ కథలో మన మాలోచింపదగిన దొకటి గలదు. వినతచే నా పని చేయించినది పరుల బిడ్డలతో బోలిక.

గర్భమునకు నిండుకాలము సుమారు 40 వారములు. 37 వారములు నిండకముందే పుట్టినవారిని వైద్యులు నెలలు నిండనివారుగా గణింతురు. 2020లో ప్రపంచమున నిట్టి శిశువులు సుమారు 1 కోటి 34 లక్షలమంది పుట్టిరని యంచనా. అనగా పుట్టిన పదిమందిలో నొకరు. వారిలో దాదాపు 30 లక్షలమంది మన దేశపు బిడ్డలే. కవలలగుట, తల్లికి రక్తపుపోటు, అంటుదోషములు మొదలగు కొన్ని హేతువులు తెలిసినవి. పెక్కుచోట్ల హేతువే దొరకదు. గ్రహణమునాడు బయటికి వచ్చినదనియు, మెట్లెక్కినదనియు నింద వేయుట మాత్రము సులభము. ఏడవ నెల బిడ్డ నిలుచును, ఎనిమిదవ నెల బిడ్డ నిలువదు అను వాడుకయు నిట్టిదే. కడుపులో గడచిన ప్రతి వారమును బిడ్డకు బలమే.

గర్భవాసపు చివరి మూడు నెలలలో మెదడు వేగముగా పెరుగును. దాని ముడుతలు, లోపలి తంతువుల కూడికలు అప్పుడే యేర్పడును. ముందు పుట్టిన బిడ్డకు ఆ పనియంతయు దీపముల వెలుగులో, యంత్రముల చప్పుడులో, సూదుల నొప్పిలో జరుగవలసి వచ్చును. అందఱును వెనుకబడుదురని కాదు. కొద్ది వారములు మాత్రమే ముందు పుట్టినవారిలో పెక్కుమంది తోడివారితో సమానముగనే నడతురు. మిక్కిలి ముందు పుట్టినవారిలో మాత్రము ఏకాగ్రత నిలువకుండుట, గణితమున దడబాటు, కొత్తవారితో గలియుటకు జంకు, లోలోపల దిగులు, ఇవి హెచ్చుగా గానవచ్చునని పలు దేశముల పరిశీలనలు చెప్పుచున్నవి. ఇట్టి బిడ్డ సాధారణముగ నల్లరి చేయడు. పాఠశాలలో నల్లరి చేయువాడు వెంటనే కంటబడును. నిశ్శబ్దముగ వెనుకబడువానికి ‘మంచివాడు’ అను బిరుదు దొరకును. ఉపాధ్యాయులమైన మేమే యా బిరుదు నిచ్చువారము.

బ్రిటను, ఐర్లండు దేశములలో 1995లో 26 వారములు నిండకముందే పుట్టి బ్రదికిన బిడ్డలను ఆఱవ యేట పరీక్షించిరి. ఫలితములు 2005లో వెలువడినవి. ముందే యేర్పఱచియున్న ప్రమాణముతో బోల్చినపుడు నూటికి 21 మందికి బుద్ధిశక్తిలో గట్టి లోపము కనబడెను; అదే తరగతిలో గూర్చున్న పిల్లలతో బోల్చినపుడు ఆ సంఖ్య 41 ఆయెను. బిడ్డలు మాఱలేదు, వారు చెప్పిన జవాబులు మాఱలేదు. ప్రక్కన నిలిపినవారు మాఱిరి. పోలికయే పాపమని తలచి యా రెండవ లెక్క వేయకున్నచో, సాయము గావలసినవారిలో దాదాపు సగముమంది కంటికి దప్పియుందురు గదా! కనుక వినత చేసిన పోలికయు, ఈ వైద్యులు చేసిన పోలికయు నొక్కటి కావు. మొదటిది తల్లి సిగ్గు దీర్చుకొనుటకు. రెండవది బిడ్డకు గావలసినది తెలియుటకు. మన యిండ్లలో దినదినము జరుగునవి ఏ జాతివో పాఠకులే చూచుకొందురు గాక.

వయస్సు లెక్కయు నిట్టి చిక్కే. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డను పదవ నెలలో ఎనిమిది నెలల బిడ్డతో బోల్చవలె ననుట వైద్యులలో వాడుక. రెండేండ్లు నిండువఱకు సాధారణముగ నీ సవరణ సాగును. పిమ్మట బడి వచ్చును. బడికి పుట్టిన తేదియే ప్రమాణము. ఆగస్టులో పుట్టవలసినవాడు మే నెలలో పుట్టినచో, జూనులో బడి తెఱచునాటికి ఒక తరగతి ముందు కూర్చుండవలసి వచ్చును. అందఱికి నొకే నియమ మనుట గుమాస్తాకు సుఖము. ఇంగ్లండులో ఏప్రిలు, ఆగస్టుల నడుమ పుట్టిన బిడ్డను ఒక యేడు ఆలస్యముగ జేర్చుకొనుడని తల్లిదండ్రులు కోరవచ్చును. నెలలు నిండకపోవుటయు నందు విచారింపబడును. మంచి నియమమే. కాని జర్మనీలో జరిగిన యొక పరిశోధనలో, ఆలస్యముగ జేర్చుట యొక్కదానివలన నిట్టి పిల్లల చదువు మెఱుగుపడినట్లు కనబడలేదు. ఊరక వేచియుండుట సాయము గాదు గదా!

సాయ మెట్లుండునో బొగోటా నగరమున గొంత తెలిసినది. కొలంబియా దేశపు ఆ రాజధానిలో 1978లో, శిశువులను వెచ్చగ నుంచు పెట్టెలు చాలక, బిడ్డను తల్లి రొమ్మున చర్మమునకు చర్మము తగులునట్లు కట్టియుంచు పద్ధతి నారంభించిరి. కంగారూ సంరక్షణ మని దానికి బేరు. అట్లు పెరిగినవారిని ఇరువదేండ్ల పిమ్మట చూడగా, బడి మానుట, దుడుకుతనము తక్కువగ నున్నట్లు 2017లో ప్రకటించిరి. తండ్రియు నిట్లు బిడ్డను మోయవచ్చును. అతని రొమ్మునకును వెచ్చదనము గలదు. మన యిండ్లలో మగవారి కీ సంగతి యింకను జెప్పవలసియే యున్నది.

ఇక దాచుటయా, చెప్పుటయా? బిడ్డ నెలలు తక్కువగా బుట్టెనని బడిలో జెప్పిన మొద్దని ముద్ర వేయుదురని భయము. ఆడపిల్ల యైనచో పెండ్లినాటి కెవరో తవ్వి తీయుదురని మఱింత భయము. ఈ భయము ఉత్తది కాదు, మేమును ఎఱుగుదుము. అయినను దాచినచో ఆ పిల్లకు సోమరి యను పేరు వచ్చును. పేరు గాక పని చెప్పుట మే లని మా యభిప్రాయము: ‘ఒక్కసారి ఒక్క మాటయే చెప్పుడు, జవాబునకు గొంత వ్యవధి నిండు, ముందు వరుసలో గూర్చుండబెట్టుడు’ అని ఉపాధ్యాయునికి జెప్పవలెను. పిల్ల తానే యడిగిననాడు, ఎన్ని వారములకు బుట్టినదో, ఎంత బరువుండెనో, ఎవరి రొమ్మున నెన్నాళ్లు పడుకొనెనో, తక్కిన యింటి కథలు చెప్పినట్లే దానికిని జెప్పవచ్చును.